పూత మందు అడిగిన రైతుకు ఏం చెప్పాలి

గుంటూరు

చిరంజీవి పద్మజకు,

నీ పురుగుమందుల దుకాణం బాగానే సాగుతోందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. సంతోషం. బాపట్లలో చదువుకున్న వ్యవసాయ చదువును నాలుగు ఊళ్ల రైతుల మధ్య కూర్చుని వాడదామనుకున్నావు చూడు, ఆ ఆలోచన నాకు నచ్చింది.

నువ్వడిగిన సంగతికి వస్తాను. "రైతులు వచ్చి పూత నిలవడానికి ఏదన్నా ఇవ్వమ్మా అంటున్నారు. కంపెనీల వాళ్లు రంగురంగుల సీసాలు తెచ్చి పెట్టిపోతున్నారు. ఏది హార్మోనో, ఏది టానిక్కో, ఏది ఉత్త రంగునీళ్లో తేల్చుకోలేకపోతున్నాను. ఏం అమ్మాలి పెదనాన్నా?" అన్నావు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు, అందుకే కాగితం తీశాను.

ముందు ఒక్క మాట గట్టిగా పట్టుకో. హార్మోను మొక్కకు తిండి కాదు, కబురు. నత్రజని, పొటాష్, నీరు, ఎండ ఇవీ మొక్క బతికే సరుకు. ఆ సరుకును ఎక్కడ, ఎప్పుడు, ఎంత ఖర్చుపెట్టాలో చెప్పేది హార్మోను. పొడుగు సాగమనీ, వేరు వెయ్యమనీ, కాయను వదిలెయ్యమనీ మొక్క తనలో ఒక చోటి నుంచి మరో చోటికి పంపుకునే కబురది. ఇంట్లో సరుకు లేకుండా కబురు ఎన్నిసార్లు వెళ్లినా పని జరగదు. వేళ కాని వేళ వెళితే పని చెడుతుంది. నీ కౌంటర్ దగ్గర నిలబడే ప్రతి రైతుకూ ముందు తెలియాల్సింది ఇదే.

దీన్ని మొదట పసిగట్టినవాడు చార్లెస్ డార్విన్. గడ్డి మొలక వెలుగు వైపు వంగేటప్పుడు వెలుగును గుర్తించేది కొస అనీ, వంగేది దాని కింది భాగమనీ కొడుకు ఫ్రాన్సిస్‌తో కలిసి 1880లో వేసిన పుస్తకంలో చూపించాడు. కొసకు మూత పెడితే మొలక వంగలేదు. అంటే కొస నుంచి ఏదో కిందికి దిగుతోంది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఫ్రిట్స్ వెంట్ 1926లో ఓట్స్ మొలకల కొసలు కోసి అగర్ ముక్కల మీద ఉంచాడు. తర్వాత ఆ అగర్ ముక్కను కొస తీసేసిన మొలక మీద ఒక పక్కగా పెడితే, చీకట్లోనే మొలక రెండో పక్కకు వంగింది. అగర్‌లోకి దిగిన ఆ పదార్థమే ఆక్సిన్. 1934లో దాని రసాయన రూపం ఇండోల్ ఎసిటిక్ ఆమ్లమని తేల్చినప్పుడు శాస్త్రజ్ఞులు దాన్ని వేరుచేసింది మనుషుల మూత్రం నుంచి!

ఇది నీకు కాలేజీలో చెప్పే ఉంటారు. అయితే ఈ ఆక్సిన్‌తో మన రైతు సీసాలు రాకముందు నుంచే సేద్యం చేస్తున్నాడని చెప్పి ఉండకపోవచ్చు. కొస నుంచి దిగే ఆక్సిన్ కింది కణుపుల్లోని మొగ్గల్ని లేవనివ్వదు. చామంతి రైతు తల తుంచితే ఆ అదుపు పోయి పక్క కొమ్మలు వస్తాయి, పూలు పెరుగుతాయి. కందికి తలలు తుంచేదీ ఇందుకే. వర్జీనియా పొగాకులో తల తుంచగానే పిలకలు ఎగబడి రైతును వాటి వెంట తిప్పేదీ ఇందుకే. కడియం నర్సరీల్లో అంటు కట్టేటప్పుడు రాసే, వేర్లు వేయించే పొడిలో ఉండేది కూడా ఆక్సిన్ జాతి మందే, ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లం.

ఇక మన పల్నాడు రైతు అడిగే పూత మందు. అది నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం. ప్లానోఫిక్స్ అంటే అందరికీ తెలుస్తుంది. పువ్వు, పిందె రాలేముందు తొడిమ దగ్గర ఒక రాలుపొర ఏర్పడుతుంది. పిందె నుంచి ఆక్సిన్ సరిగా దిగుతున్నంతసేపు ఆ పొర ఏర్పడదు. ఎండ దెబ్బకో, నీటి ఎద్దడికో, మురుగుకో ఆక్సిన్ తగ్గి, ఇథిలీన్ అనే మరో హార్మోను పెరిగితే పొర తయారై పిందె రాలుతుంది. మనం చల్లే మందు ఆ తగ్గిన ఆక్సిన్ స్థానంలో నిలబడుతుంది. అది చేసే పని అంతవరకే.

కొలత చూడు. మిరపకు, పత్తికి కావలసింది 10 పీపీఎం. అంటే లీటరు నీటికి 10 మిల్లీగ్రాములు. సీసాలో ఉన్నది 4.5 శాతం కాబట్టి నాలుగున్నర లీటర్లకు 1 మిల్లీలీటరు, 200 లీటర్ల డ్రమ్ముకు సుమారు 45 మిల్లీలీటర్లు. ఆ డ్రమ్ము మొత్తంలో అసలు మందు 2 గ్రాములు. ఇంత తక్కువంటే రైతుకు నమ్మకం కుదరదు, మూతతో ఇంకో రెండు పోస్తాడు. కొలతే కాదు, అదను తప్పినా ఏమవుతుందో చెప్పడానికి ఆపిల్ రైతు సంగతి చాలు. పిందె కట్టిన కొత్తలో కాయలు మరీ గుత్తులుగా ఉంటే పలచన చేయడానికి, అంటే రాల్చడానికి, అతను ఈ మందే వాడతాడు. కోతకు ముందు కాయ రాలకుండా ఆపడానికీ ఇదే చల్లుతాడు. మందు ఒకటే, అదను మారితే ఫలితం తిరగబడుతుంది.

అందుకని పూత రాలుతోందని రైతు అనగానే సీసా వైపు చెయ్యి చాచకు. ఎందుకు రాలుతోందో అడుగు. నాలుగు పువ్వులు తెమ్మని చెప్పి తెల్ల కాగితం మీద దులుపు. 2021లో మన మిరప తోటల్ని ఊడ్చేసిన నల్ల తామర పురుగు పువ్వుల్లోనే కాపురం ఉంటుంది. అది కనబడితే ప్లానోఫిక్స్ ఎంత కొట్టినా దండగే. ముసురు పట్టి పత్తి చేలో నీళ్లు నిలిచి గూడ, అంటే పూమొగ్గ, రాలుతుంటే ముందు కాలువ తీసి నీళ్లు బయటికి పంపించమను. నీట మునిగిన వేరులో పుట్టిన పదార్థం పైకి పాకి ఇథిలీన్‌గా మారుతుంది, గూడ రాలడానికి అదీ ఒక కారణం. మురుగు తీసి, పైపాటుగా పోషకాలు ఇచ్చాక పూత మందు చల్లితే దానికి అర్థం ఉంటుంది.

ఆక్సిన్ జాతిలోనే ఇంకొకటి ఉంది, దానితో జాగ్రత్త. 2,4-డి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బయటికి వచ్చిన ఈ కలుపుమందు కృత్రిమ ఆక్సిన్. ఒంట్లో ఎక్కువైన ఆక్సిన్‌ను అణచలేక వెడల్పాకు మొక్క వంకర్లు తిరిగి చస్తుంది. వరి, మొక్కజొన్న తట్టుకుంటాయి. పత్తికి మాత్రం దాని వాసన కూడా పడదు. మొక్కజొన్నలో కొట్టిన మందు గాలికి పక్క పత్తిలో పడినా, ఆ స్ప్రేయర్‌నే సరిగా కడగకుండా పత్తికి వాడినా, ఆకులు సన్నగా చీలి బెండ ఆకుల్లా తయారవుతాయి. రైతు దాన్ని వైరస్ అనుకుని మళ్లీ నీ దగ్గరికే వస్తాడు. 2,4-డి అమ్మిన ప్రతిసారీ "దీనికి వేరే స్ప్రేయర్ పెట్టు, గాలి లేనప్పుడు కొట్టు, పక్క చేలో ఏముందో చూసుకో" అని చెప్పి మరీ అమ్ము.

రెండో హార్మోను జిబ్బరెల్లిన్. దాని పుట్టుక వరిలోనే. బకనే అనే తెగులు పట్టిన వరి నారు మిగతా నారును దాటి పొడుగ్గా, పాలిపోయి పెరిగి పడిపోయేది. తైవాన్‌లో పనిచేసిన జపాన్ శాస్త్రజ్ఞుడు ఎయిచి కురొసావా 1926లో అసలు సంగతి పట్టుకున్నాడు. ఆ తెగులు తెచ్చే బూజును పెంచి, వడగట్టిన ద్రవాన్ని ఆరోగ్యంగా ఉన్న నారుకు పోసినా అది అలాగే పొడుగు సాగింది. 1935లో యబుతా ఆ పదార్థానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. మొక్కలు కూడా దాన్ని స్వయంగా తయారుచేసుకుంటాయని తర్వాత తెలిసింది.

ఇందులో మన కథ కూడా ఉంది. 1966లో విడుదలైన ఐఆర్-8 వరి పొట్టిగా ఉండి, ఎరువు వేసినా పడిపోకుండా గింజ పట్టింది. ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు 1967లో దాన్ని పండించి దేశమంతటికీ చూపించారు. ఆ పొట్టితనానికి కారణం 2002లో తేలింది. జిబ్బరెల్లిన్ తయారయ్యే దారిలో ఒక జన్యువు దెబ్బతిని, ఆ హార్మోను కాండంలో తగ్గింది. బకనే నారును పడగొట్టిందీ, ఐఆర్-8ను నిలబెట్టిందీ ఒకే హార్మోను, ఎక్కువ తక్కువల్లోనే తేడా. ఇప్పుడు ఎవరన్నా వరి ఏపుగా పెరగడానికి జిబ్బరెల్లిన్ అడిగితే నువ్వేం చెప్పాలో నీకే తెలుస్తుంది.

మరి అది ఎక్కడ అక్కరకొస్తుంది? కరీంనగర్ జిల్లా జమ్మికుంట, హుజూరాబాద్ వైపు వెళ్లి హైబ్రిడ్ వరి విత్తన చేలు చూసిరా. ఆడ వరుసల్లో వెన్ను పొట్టాకు నుంచి పూర్తిగా బయటికి రాదు. సగం వెన్ను లోపలే ఉండిపోతే మగ వరుస పుప్పొడి దానికి అందదు. వెన్నులు 5 నుంచి 10 శాతం బయటికి వచ్చిన దశలో జిబ్బరెల్లిక్ ఆమ్లం చల్లితే పై కణుపు సాగి వెన్నును బయటికి నెడుతుంది. ఆ తర్వాత తాడు లాగి పుప్పొడి రాలుస్తారు. జిబ్బరెల్లిక్ ఆమ్లం పొడి నేరుగా నీళ్లలో కరగదు కాబట్టి ముందు ఆల్కహాల్‌లో కరిగించుకోవాలి. గింజ లేని థామ్సన్ ద్రాక్షలోనూ ఇదే లెక్క. మామూలు ద్రాక్షలో గింజ పంపే హార్మోనుతో కాయ లావెక్కుతుంది. గింజ లేకపోతే ఆ పని బయటి నుంచి మనం చేయాలి.

జిబ్బరెల్లిక్ ఆమ్లం అమ్మేటప్పుడు శాతం చూడు. 0.001 శాతం ద్రవమూ దొరుకుతుంది, 40 శాతం గుళికలూ దొరుకుతాయి. రెండింటి బలానికీ తేడా నలభై వేల రెట్లు. పేరు ఒకటే కదా అని ఒకదాని మోతాదు ఇంకోదానికి చెబితే పంట పోతుంది.

జిబ్బరెల్లిన్‌ను తగ్గించి ఫలం పొందే మందులూ ఉన్నాయి. పత్తి విపరీతంగా ఎదిగిపోతుంటే అదుపు చేసే మెపిక్వాట్ క్లోరైడ్ ఒకటి. మామిడి రైతులు కల్టార్ అని పిలిచే పాక్లోబ్యూట్రజాల్ ఇంకొకటి. పూతకు మూడు నాలుగు నెలల ముందు చెట్టు పాదులో పోస్తే కొత్త చిగురు ఆగి చెట్టు పూతకు తిరుగుతుంది. కొంకణ్‌లో అల్ఫాన్సో తోటల్లో ఇది మామూలు పద్ధతి అయిపోయింది. అయితే ఇది మట్టిలో చాలాకాలం నిలిచి ఉంటుంది. ఏటా కొలత లేకుండా పోస్తే చెట్టు కణుపులు కురచబడి గిడసబారుతుంది. ఎరువు సరిగా వేయని, నీరసంగా ఉన్న చెట్టుకు అసలు పోయకూడదు. తోటను ఏడాదికో రెండేళ్లకో కౌలుకు తీసుకున్నవాడు కల్టార్ అడిగితే, తోట యజమానికి ఆ సంగతి తెలుసా అని అడుగు. చెట్టు అతనిదే కదా.

మూడోది ఇథిలీన్, వాయురూపంలో ఉండే హార్మోను. 1901లో సెంట్ పీటర్స్‌బర్గ్‌లో నెల్యుబోవ్ అనే యువ శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలోని బఠాణీ మొలకలు వంకరగా, పొట్టిగా పెరగడం చూసి, దీపాలకు వాడే గ్యాసులోని ఇథిలీనే కారణమని తేల్చాడు. పండే పండు తానే ఇథిలీన్ వదులుతుందని 1934లో ఇంగ్లండ్‌లో రిచర్డ్ గేన్ రుజువు చేశాడు. మన ఇళ్లలో మామిడికాయలు గడ్డిలో కప్పి మాగవేసినప్పుడు జరిగేదీ అదే. అరటి గెలలకు గదిలో పొగ పెట్టినప్పుడు ఆ పొగలోనూ ఇథిలీన్ ఉంటుంది. కాల్షియం కార్బైడ్ నుంచి వచ్చేది ఎసిటిలీన్. పండు రంగు మారుతుంది కానీ, దానితో పాటు ఆర్సెనిక్, ఫాస్ఫరస్ కలుషితాలు కూడా వస్తాయి. అందుకే కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడం చట్టం నిషేధించింది. గదిలో 100 పీపీఎం వరకు ఇథిలీన్ వాయువు వాడుకోవడానికి 2016లో అనుమతి వచ్చింది. ఏ పద్ధతైనా పక్వానికి వచ్చిన కాయకే పనికొస్తుంది. లేతకాయ కోసి మాగబెడితే పసుపు రంగు వస్తుంది, తీపి రాదు. నీ దుకాణంలో కార్బైడ్ గడప దాటి లోపలికి రాకూడదు.

పొలంలో ఇథిలీన్ పని కావాలంటే ఇథెఫాన్ ఉంది. సొర, కాకర, బీర పాదులు రెండు నుంచి నాలుగు ఆకుల దశలో ఉన్నప్పుడు తగిన మోతాదులో చల్లితే ఆడపూలు పెరుగుతాయి. తీగ పాకి మగపూలు వచ్చేశాక అడిగే రైతుకు ఈ ఏటికి వద్దని చెప్పు.

మిగిలిన రెండింటి గురించి క్లుప్తంగా రాస్తాను. సైటోకైనిన్ కణ విభజనకు, చిగురు లేవడానికి పని చేస్తుంది. 1955లో స్కూగ్, మిల్లర్ బృందం కైనెటిన్‌ను వేరుచేసింది. అంతకుముందే, 1941లో, మొక్కల పసి పిండాలను గాజు పాత్రల్లో పెంచడానికి వాన్ ఓవర్‌బీక్ కొబ్బరినీళ్లు వాడాడు. ఆ నీళ్లలో సైటోకైనిన్లున్నాయని తర్వాత తెలిసింది. ఆక్సిన్ పాలు పెంచితే వేరు, సైటోకైనిన్ పాలు పెంచితే చిగురు. అనంతపురం, కడప రైతులు నాటే టిష్యూకల్చర్ అరటి మొక్క ఈ ఒక్క సూత్రం మీద తయారవుతుంది.

ఐదోది ఆబ్సిసిక్ ఆమ్లం. ఎద్దడిలో ఆకు రంధ్రాల్ని మూయించి నీటిని కాపాడుతుంది. గింజను నిద్రలో ఉంచేదీ అదే. డెల్టాలో కోతల వేళ తుఫాను పట్టి, పడిపోయిన వరి వెన్ను మీదే మొలకెత్తుతుంది చూశావా, ఆ రకానికి నిద్రావస్థ లేకపోవడమే అందుకు కారణం. అప్పుడు లీటరుకు 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నుల మీద పిచికారీ చేయమంటాం. ఉప్పునీటి నుంచి గింజ తడి పీల్చలేదు, మొలక ఆగుతుంది. వేల రూపాయల సీసా చేయలేని పని కిరాణా కొట్టు ఉప్పు చేస్తుంది. నీకు లాభం లేని సలహా ఇది. అయినా ముందు ఇదే చెప్పు.

ఇక సీసాల సంగతి. హార్మోను మందులు 1968 నాటి పురుగుమందుల చట్టం కిందికి వస్తాయి. లేబుల్ మీద కేంద్ర రిజిస్ట్రేషన్ నంబరు, అసలు మందు పేరు, శాతం, బ్యాచ్, గడువు ఉండాలి. సముద్రపు నాచు, హ్యూమిక్ ఆమ్లం లాంటి జీవ ఉత్ప్రేరకాలు 2021 ఫిబ్రవరి నుంచి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాయి. వాటికీ ప్రకటించిన ప్రమాణాలు ఉండాలి. ఈ రెండింటిలో దేని కిందా లేకుండా, లోపలేముందో రాయకుండా, "అద్భుత దిగుబడి" అని మాత్రం రాసి ఉన్న సీసాను ఎంత కమీషన్ ఇస్తామన్నా దించుకోవద్దు. కొన్ని అలాంటి సీసాల్లో చెప్పని పురుగుమందులు కలిపి పట్టుబడ్డ సందర్భాలున్నాయి. మిరప ఎగుమతి సరుకులో ఆ అవశేషం తేలితే నష్టపోయేది రైతే.

చివరగా పెదనాన్నగా ఒక కోరిక. పూత మందు అడిగిన ప్రతి రైతునూ మూడు ప్రశ్నలు అడుగు. పంట ఏ దశలో ఉంది? చేలో తడి, ఎరువు, పురుగు పరిస్థితి ఏమిటి? నీ డ్రమ్ము ఎన్ని లీటర్లది? మొదటిది అదను చెబుతుంది, రెండోది సరుకు ఉందో లేదో చెబుతుంది, మూడోదాన్ని బట్టి కొలత తేలుతుంది. మూడింటికీ సరైన జవాబు వస్తే సీసా ఇవ్వు, మోతాదు బిల్లు వెనక నీ చేత్తో రాసి ఇవ్వు. రాకపోతే "ఇప్పుడు వద్దు" అని చెప్పి పంపు. ఆ రోజు గల్లా కాస్త తగ్గుతుంది. కానీ వచ్చే ఖరీఫ్‌కు ఆ రైతు పక్క ఊరి దుకాణానికి వెళ్లడు, నీ దగ్గరికే వస్తాడు.

నాన్నకు, అమ్మకు నా మాటగా క్షేమం అడిగానని చెప్పు. పండక్కి తప్పకుండా రా.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న